గుంపు తగ్గాలంటే గంటలు పెరగాలి

తెలంగాణలో లాక్‌డౌన్ సడలింపు వేళలను 2021 మే 31 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు పెంచారు. ఇళ్లకు చేరుకోవడానికి మరో గంట గడువు కూడా ఇచ్చారు. మే 12 నుంచి 30 దాకా ఉప్పూ పప్పూ కూరగాయలూ కొనుక్కోవడానికి రాష్ట్ర ప్రజలందరికీ పొద్దున 6 నుంచి 10 దాకా నాలుగే గంటలు దక్కాయి. మంత్రివర్గం ఆదివారం తీసుకున్న ఈ నిర్ణయాన్ని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. కొవిడ్ రెండో ఉద్ధృతి పూర్తిగా చల్లారకముందే పట్టు సడలిస్తున్నారని కొందరు ఆందోళన పడుతున్నారు. మే 7న దేశంలో ఒక్కరోజే 4,14,188 కేసులు నమోదైన సంగతి అందరి మనసుల్లో ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి ఆ భయం సహజం. కానీ సరుకుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. సినిమాకో షికారుకో వేళలు కుదిస్తే జనం మానుకుంటారు. బియ్యానికీ నూనెకీ వేళలు కుదిస్తే మానుకునేవారెవరూ ఉండరు. పన్నెండు గంటల్లో రావలసిన జనమే నాలుగు గంటల్లో, అదే ఇరుకు వీధిలో, అదే కొట్టు ముందు కిక్కిరిసి నిలబడతారు.

గడచిన మూడు వారాల్లో ఏ పేటలోనైనా పొద్దున 9:30 గంటలకు కిరాణా కొట్టు ముందు ఆగి చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. గత ఏడాది కొట్టు ముందు సున్నంతో గీసిన వలయాలు ఎప్పుడో చెరిగిపోయాయి. గల్లాకు అడ్డంగా కట్టిన తాడు మీదుగా నాలుగైదు చేతులు ఒకేసారి చీటీలు చాస్తుంటాయి. తూకం వేసే కుర్రాడికి మాట వినిపించక మళ్లీ మళ్లీ అడుగుతాడు. వినిపించడం కోసం ఇటువైపు మనిషి మాస్కు కిందికి లాగి అరుస్తాడు. పోలీసు సైరన్ మోగకముందే ఇల్లు చేరాలన్న తొందరలో వెనకవారు ముందువారి భుజాల మీదికి వస్తారు. వైరస్‌కు ఇంతకన్నా అనువైన చోటు కావాలని ఎవరైనా కోరుకున్నా దొరకదు. ఆ కొట్టు యజమానిదీ తప్పు కాదు, చీటీ పట్టుకుని నిలబడ్డ ఇల్లాలిదీ తప్పు కాదు. ఆ గుంపును తయారుచేసింది గడియారం.

ఈ వ్యాధి ఎలా సోకుతుందో ఏడాది కిందట మనకు అంతగా తెలియదు. ప్లాస్టిక్ మీద వైరస్ మూడు రోజుల దాకా, అట్టపెట్టె మీద ఒక రోజు దాకా నిలవగలదని 2020 మార్చిలో ప్రయోగశాల ఫలితాలు వెలువడగానే, మన ఇళ్లలో పాల ప్యాకెట్లకు సబ్బు స్నానాలు మొదలయ్యాయి. కూరగాయల సంచులు రెండేసి రోజులు వసారాలోనే ఉండిపోయాయి. పత్రిక ముట్టుకుంటేనే జబ్బు అంటుకుంటుందన్న భయంతో ఎన్నో ఇళ్లు పత్రిక తెప్పించుకోవడం మానేశాయి, అది మాకూ బాధ కలిగించిన విషయమే. ఆ జాగ్రత్తలు పాటించినవారిని తప్పుపట్టలేం, తెలిసిన మేరకు చేశారు. ఇప్పుడు మరింత తెలిసింది. వైరస్ అంటుకున్న వస్తువును తాకడం వల్ల వ్యాధి సోకే అవకాశం సాధారణంగా పది వేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. మన కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం మే 20న ఇచ్చిన సూచనల్లో, దగ్గినా మాట్లాడినా వెలువడే పెద్ద తుంపరలు రెండు మీటర్ల లోపు పడిపోతాయని, అతి సూక్ష్మమైనవి మాత్రం గాలిలో పది మీటర్ల దాకా పోగలవని స్పష్టంగా చెప్పింది. అంటే అసలు ప్రమాదం టమాటా మీద లేదు, టమాటా కోసం మన పక్కన నిలబడి ఊపిరి పీలుస్తున్న మనిషికీ మనకూ నడుమ ఉంది. సరుకుల కోసం వెళ్లేవారు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, దేనికి ఎంత భయపడాలో తేలిపోతుంది.

గడువు పెట్టి తొందరపెడితే ఏమవుతుందో తమిళనాడు గత ఏడాదే చూపించింది. 2020 ఏప్రిల్ 26 నుంచి చెన్నైలో నాలుగు రోజుల పాటు సంపూర్ణ లాక్‌డౌన్ అని ప్రకటించగానే, ముందు రోజు 25న జనం కొనుగోళ్లకు ఎగబడ్డారు. కోయంబేడు మార్కెట్ ఇసకేస్తే రాలనంతగా నిండిపోయింది. ఆ తర్వాత పది రోజులకు, మే 5న, ఆ మార్కెట్‌నే మూసేయాల్సి వచ్చింది. అప్పటికే అక్కడి హమాలీలు, లారీ డ్రైవర్లు, చిల్లర వ్యాపారులు ఊళ్లకు వెళ్లిపోయారు. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ తన రోజువారీ బులెటిన్లలో కోయంబేడుతో లంకె ఉన్న కేసులను విడిగా చూపించవలసి వచ్చింది. చిత్తూరు, నెల్లూరు జిల్లాల వారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ ఒక్కరోజు రద్దీయే మొత్తం వ్యాప్తికి కారణమని మేము అనడం లేదు. అంతకుముందూ అక్కడ జనం ఎక్కువే. కానీ మూసివేస్తామన్న మాట వినగానే సరుకుల కోసం పరుగెత్తని ఊరు ఎక్కడా లేదు. పాలకులు ఇది తెలుసుకునే ప్రకటనలు చేయాలి.

కుదించిన వేళల భారం అందరి మీదా ఒకేలా పడదన్నది మరింత ముఖ్యమైన విషయం. నెల జీతం బ్యాంకులో పడేవారు పదిహేను రోజుల సరుకులు ఒకేసారి తెచ్చి ఫ్రిజ్ నింపుకోగలరు. బజారుకు వీలైనంత తక్కువసార్లు వెళ్లమని మేమూ పాఠకులకు చెబుతూనే ఉన్నాం. అయితే అడ్డా మీద నిలబడే కూలీకి ఆ సలహా ఎలా పనికొస్తుంది? పొద్దున 6 నుంచి 10 దాకా అతడు మేస్త్రీ కోసం అడ్డా దగ్గరే ఉండాలి. పని దొరికితే కూలి డబ్బులు చేతికి వచ్చేది పొద్దుగూకాకే. ఆ డబ్బుతో కొనేది పావుకిలో ఉల్లిగడ్డలు, ఒక చిన్న నూనె ప్యాకెట్, రెండు రోజులకు సరిపడా పప్పు. డబ్బు చేతికి వచ్చే వేళకు కొట్టు మూసి ఉంటుంది, కొట్టు తెరిచి ఉన్న వేళకు చేతిలో డబ్బు ఉండదు. ఆదివారం దాకా ఈ రాష్ట్రంలో ఎన్ని ఇళ్లలో పిల్లలు ఈ లెక్క కారణంగా అర్ధాకలితో పడుకున్నారో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. మధ్యాహ్నం 1 గంట కూడా వారికి చాలదు. వీధి కిరాణా కొట్లకైనా సాయంత్రం రెండు గంటలు తెరిచే అనుమతి ఇవ్వాలని మేము కోరుతున్నాం.

ఇక కొనేవారి వంతు. ఇది ఆవకాయ పెట్టే కాలం, లాక్‌డౌన్ ఉందని ఆగేది కాదు. మార్కెట్లో కాయలు కొట్టేవారి కత్తిపీట చుట్టూ పదిమంది మూగి, తమ వంతు వచ్చేదాకా అక్కడే నిలబడడం ఈ నెలంతా చూశాం. కాయలు అప్పగించి, పేరు చెప్పి, అరగంట తర్వాత వచ్చి ముక్కలు తీసుకెళ్తే పోయేదేమీ లేదు. మన కాయల్లో వాళ్లవి కలిసిపోతాయన్న బెంగ ఉన్నవారు కాస్త ఎడంగా, గాలి ఆడేచోట నిలబడవచ్చు. బెండకాయ కొన విరిచి చూడడం, సొరకాయ మీద గోరు గుచ్చడం, మామిడిపండు తొడిమ దగ్గర వాసన చూడడం మనకు తరతరాల అలవాట్లు. మొదటి రెండింటితో ఇప్పుడు పెద్ద ముప్పు లేదు, ఇంటికొచ్చి సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కుంటే సరిపోతుంది. మూడోది మాత్రం మానాలి, ఎందుకంటే వాసన చూడాలంటే జనం మధ్య మాస్కు దించాలి. ముక్కు కింద వేలాడే గుడ్డ వల్ల ఉపయోగం లేదు. సర్జికల్ మాస్కు మీద బిగుతైన గుడ్డ మాస్కు వేసుకోవాలి, దొరికితే ఎన్-95 పెట్టుకోవాలి. ఇంట్లో పెద్దవారిని, షుగరు, ఆయాసం ఉన్నవారిని పంపకుండా ఒక్కరే వెళ్లాలి. ఏం కావాలో ముందే చీటీ రాసుకుని, వీలైతే ఫోన్‌లో కొట్టుకు పంపి, కట్టి ఉంచాక వెళ్లి తెచ్చుకోవాలి. తలుపులు మూసి ఏసీ వేసిన సూపర్‌మార్కెట్ కన్నా ఆరుబయట రైతుబజారు మేలు, కాకపోతే అక్కడ జనం పలచగా ఉన్నప్పుడే వెళ్లాలి. తెచ్చిన కూరగాయలను ధారగా పారే మంచినీళ్లలో కడిగితే చాలు. సబ్బు నీళ్లు, శానిటైజర్, బ్లీచింగ్ పౌడర్ కూరగాయలకు పెట్టడం మాత్రం కడుపులోకి విషం పంపుకోవడమే.

అమ్మేవారి గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పుకోవాలి. రైతుబజారులో ఆకుకూరలు అమ్మే ఆమె ముందుకు ఒక పూటలో రెండు మూడు వందల మంది వచ్చి పోతారు. ఆమె మాత్రం ఎక్కడికీ కదలదు. ప్లాస్టిక్ కవరు విప్పడానికి వేలు నాలుకకు తాకించి, అదే చేత్తో కట్ట అందించి, చిల్లర తీసుకుంటుంది. పళ్లెంలో తడి స్పాంజి పెట్టుకుంటే ఆ అవసరం పోతుంది. మార్కెట్ కమిటీ ఒక్కొక్కరికి ఒకటి కొనిపెడితే దానికయ్యే ఖర్చు లెక్కలోకే రాదు. ధర అడిగిన ప్రతివారికీ అరిచి చెప్పడానికి మాస్కు దించే అవస్థ తప్పాలంటే, ధరలు రాసిన పలకలు ప్రతి దుకాణం ముందూ ఉండాలి. కొనడానికి వచ్చేవారి నుంచి వ్యాధి ఆమెకు సోకినా, ఆమె నుంచి వారికి సోకినా నష్టపోయేది ముందు ఆమే. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే కదా. అలాంటివారికి ప్రభుత్వమూ, పత్రికలమైన మేమూ తగిలించిన పేరు ‘సూపర్ స్ప్రెడర్లు’. కూరగాయలు, కిరాణా అమ్మేవారికి, రేషన్ డీలర్లకు, గ్యాస్ సిలిండర్లు మోసేవారికి మే 28 నుంచి ప్రత్యేకంగా టీకాలు వేయడం తెలంగాణ ప్రభుత్వం చేసిన మంచి పని. ఆ పని చేస్తూ వారిని వ్యాధి పంచేవారని పిలవడం న్యాయం కాదు. ఇంట్లో కూర్చున్న మనకు అన్నం పెట్టినందుకు ముప్పును ముందుగా ఎదుర్కొన్నవారు వారు. ఆ మాట ఇకపై మా పుటల్లో వాడబోమని పాఠకులకు తెలియజేస్తున్నాం.

తాకడం ఒక్కటే ప్రమాదమనుకుని చేసే ఏర్పాట్లు ఎలా బెడిసికొడతాయో రేషన్ సంగతి చెబుతుంది. వేలిముద్ర యంత్రం వల్ల వ్యాధి పాకుతుందని, 2021 ఫిబ్రవరి నుంచి తెలంగాణలో దాని స్థానంలో ఓటీపీ, కనుపాప గుర్తింపు తెచ్చారు. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఫోన్ నంబరు జోడించి ఉండాలి. అది లేనివారంతా ఆధార్ కేంద్రాల ముందు బారులు తీరారు. ఉద్దేశం మంచిదే, కానీ యంత్రం పక్కన ఒక శానిటైజర్ సీసా పెడితే తీరే సమస్యకు బదులు గుంపును కొనితెచ్చుకున్నట్లయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో ప్రారంభించిన 9,260 వాహనాలు రేషన్ సరుకును ఇంటి ముంగిటికి తెచ్చాయి. ఆ పద్ధతి ఖర్చు మీద వాదాలు ఎన్ని ఉన్నా, ఇలాంటి కాలంలో జనం వెళ్లడం కన్నా సరుకు కదలడమే క్షేమం. వాహనం వీధి మొదట్లో ఆగి అందరినీ అక్కడికే రమ్మనకుండా చూడడం అధికారుల పని.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 మే 5న మొదలైన కర్ఫ్యూలో ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకానే సడలింపు అమలైంది. కర్ఫ్యూ పొడిగించేటప్పుడు నిత్యావసరాల వేళలనైనా పెంచాలని ఆ ప్రభుత్వాన్ని కోరుతున్నాం. గత ఏడాది రెండు రాష్ట్రాల్లోనూ రైతుబజార్లను చిన్నచిన్నవిగా విడదీసి బడుల ఆటస్థలాలకు, మైదానాలకు తరలించిన అనుభవం మన దగ్గరే ఉంది. అది బాగా పనిచేసింది. ఈసారి ఎందుకు మరిచారో తెలియదు. బడులు 2021 మేలోనూ మూసే ఉన్నాయి. ఇంటికి సరుకులు చేర్చే డెలివరీ సిబ్బందిని రోడ్ల మీద ఆపి వాహనాలు స్వాధీనం చేసుకున్న ఘటనలు ఆ నెలలోనే హైదరాబాద్‌లో జరిగాయి. ఒక కుర్రాడిని ఆపితే, అతడు సరుకులు చేర్చాల్సిన ఇరవై ఇళ్లవారు బజారుకు బయలుదేరతారని పోలీసులు గ్రహించాలి.

2021 జూన్ 8న మృగశిర కార్తె వస్తోంది. ఆ రోజు చేప తినాలన్నది తెలంగాణలో చాలా ఇళ్ల ఆచారం. ఏటా ఆనాడు హైదరాబాద్ రాంనగర్, బేగంబజార్ చేపల మార్కెట్లలో కాలు పెట్టే సందుండదు. ఈసారి కార్తె నాటికి లాక్‌డౌన్ అమల్లోనే ఉంటుంది. ఉన్న ఏడు గంటల్లోనే నగరమంతా ఆ రెండు మార్కెట్ల మీద పడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. చేపల అమ్మకాన్ని జూన్ 6 నుంచే మూడు రోజులకు విస్తరించి, వార్డుకొక మైదానంలో అనుమతించి, వాహనాల్లో కాలనీలకు పంపించే ఏర్పాటు మత్స్య శాఖ, జీహెచ్‌ఎంసీ ఈ వారంలోనే ప్రకటించాలి. ఏ మైదానంలో ఏ వేళకు అమ్ముతారో ముందుగా తెలియజేస్తే ఆ జాబితాను ప్రతిరోజూ ప్రచురించడానికి మేము సిద్ధంగా ఉన్నాం.