మజూరీ గారికి, మా ఇంటి అడ్రసు చెబుతూ

మహారాజశ్రీ మజూరీ గారికి,

నమస్కారం. నగ చేసినందుకు పుచ్చుకునే చేతిపని కూలి మీరు. మీరు నన్ను ఎరగరు. ఎరిగే అవకాశం మా బంధువులు మీకు ఇవ్వలేదు. నేను ఇంట్లో కూర్చుని సిల్క్ థ్రెడ్ గాజులు చుడతాను, పూసల దండలు గుచ్చుతాను, హల్దీకి పూల నగలు కడతాను. శ్రావణమాసం వస్తే వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి కలశానికి బుల్లి హారాలూ వడ్డాణాలూ చేస్తాను. వీటిలో కొన్ని నేను కానుకగా ఇచ్చేవి, కొన్ని ఎదుటివాళ్ళు అడిగి చేయించుకునేవి. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో నాకు బాగానే తెలుసు. చేయించుకునేవాళ్ళకే కనపడదు.

మిమ్మల్ని మాత్రం నేను చాలాసార్లు చూశాను. నగల షోరూముల్లో, చల్లటి ఏసీలో, అద్దాల బల్ల అవతల కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు. పక్కనే మీ తోబుట్టువు తరుగు గారు. ఈ మధ్య మీరిద్దరూ కలిసిపోయి వేస్టేజ్ అనీ వీఏ (వాల్యూ ఎడిషన్) అనీ పేర్లు మార్చుకున్నారు కానీ, బిల్లు మీద ముఖం చూస్తే గుర్తుపట్టలేమా? 40 గ్రాముల హారానికి 15 శాతం అంటే 6 గ్రాములు. మెడలో పడని 6 గ్రాముల బంగారానికి రొక్కం చెల్లించి రావడమన్నమాట. ఆ డబ్బుతో పసిదానికి ఓ జత జూకాలు వచ్చేస్తాయి. రేపు అవసరం పడి అదే హారం పట్టుకెళితే, అదే బల్ల దగ్గర అదే మనిషి మిమ్మల్ని లెక్కలోకే తీసుకోడు. మెషిన్ అల్లిన గొలుసుకైనా సరే, మీ వాటా మీరు తీసుకునే లేస్తారు.

ఇంత జరిగినా మా పెద్దత్తయ్య షాపువాళ్ళిచ్చిన కూల్‌డ్రింక్ తాగి, క్యాలెండరూ సంచీ పుచ్చుకుని, "పాపం, పండగని వేస్టేజీలో రెండు శాతం తగ్గించాడే" అంటూ షాపువాడి మీదే జాలిపడుతూ ఇంటికొచ్చింది. వస్తూ వస్తూ దారిలో మా ఇంట్లో ఆగింది. కొత్త హారానికి మ్యాచింగ్‌గా రెండు చేతులకీ గాజుల సెట్టు కావాలిట.

"ఎంతే అమ్మాయ్?"

చెప్పాను.

"దారపు గాజులకే!"

మా ఇంట్లో మీరు నల్లపూసైపోవడానికి కారణం ఆ ఒక్క మాటే అనుకుంటే పొరపాటు. ఇంకా ఉన్నాయి. "మెటీరియల్ ఖర్చు ఎంతయిందో చెప్పు, ఇచ్చేస్తాను." "ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా." "టీవీ చూస్తూ చుట్టేస్తావుగా." అన్నిటికన్నా గట్టిది, ఎదురు చెప్పడానికి వీల్లేనిది ఇంకోటుంది: "నీకిది ఇష్టం కదా!" ఇష్టమే. పాట కచేరీ చేసే ఆయనకి పాటంటే ఇష్టం ఉండబట్టే సంభావన ఎగ్గొడుతున్నామా?

టీవీ చూస్తూ చుట్టే గాజు ఎలా ఉంటుందో మీకు తెలియాలి. పట్టుదారం పోగులు ఓ ఇరవై ఒకచోట చేర్చి, గాజు లోపలివైపు చుక్కంత గమ్ పెట్టి అంటించాలి. అక్కణ్ణుంచి పోగులు మెలిపడకుండా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా, పక్కపక్కనే పరుచుకునేలా చుట్టుకుంటూ రావాలి. ఒక్క పోగు మెలిపడిందా, వెలుతుర్లో గీత తేలుతుంది. విప్పి మళ్ళీ చుట్టాల్సిందే. గమ్ కాస్త ఎక్కువైతే దారంలోంచి పైకి ఊరి మరకవుతుంది. ముదురు రంగుల్లో ఆ మరక కలిసిపోతుందేమో గానీ గంధం రంగులో దాగదు. పెళ్ళివాళ్ళేమో ఏరికోరి గంధం రంగే అడుగుతారు. చుట్టడం అయ్యాక అంచుల వెంట బాల్ చెయిన్, మధ్యలో కుందన్ రాళ్ళు. వేళ్ళతో పట్టుకుంటే రాయి జారిపోతుంది. పుల్ల కొసకి కాస్త మైనం అంటించి, దాంతో ఎత్తి, ఎడం సమానంగా చూసుకుంటూ పెట్టాలి. ఆ తర్వాత రాత్రంతా ఆరాలి. "ఏదీ చూద్దాం" అని ఎవరో ఒకరు తడిమీద వేలు పెట్టకుండా కాపలా కాయడం కూడా పనిలో భాగమే. దీన్నే మావాళ్ళు ఖాళీగా ఉండటం అంటారు.

ఇక కస్టమ్ ఆర్డర్ల ముచ్చట. షాపులో ఉన్నదాంట్లో నచ్చింది తీసుకుని వచ్చేస్తారు. నా దగ్గర మాత్రం మనసులో ఉన్నది కావాలి. మనసులో ఉన్నదేమో ఒక సీరియల్ హీరోయిన్ మెడలో ఉంటుంది. ఫోన్‌తో టీవీని ఫోటో తీసి పంపిస్తారు. నగ కన్నా కింద నడిచే స్క్రోలింగే స్పష్టంగా కనిపిస్తుంది. "సేమ్ టు సేమ్ కావాలి, కానీ కొంచెం డిఫరెంట్‌గా" అని దానికో వాయిస్ మెసేజ్. చీర రంగు చూపించమంటే రాత్రి పదింటికి ట్యూబ్‌లైట్ కింద ఫోటో తీస్తారు. అందులో నెమలికంఠం రంగు రామా గ్రీన్‌గా వస్తుంది, రామా గ్రీన్ ఏదో తెలియని రంగుగా వస్తుంది. పొద్దున్నే ఎండలో తీసి పంపండి అంటే, చీర అప్పటికే ఫాల్స్ కుట్టడానికి వెళ్ళిపోయి ఉంటుంది.

కొలతల దగ్గర నా ఆయుష్షు కొంత కరిగిపోయింది. గాజుల సైజులో చుక్క తర్వాతది పదహారో వంతుల లెక్క. 2.4 అంటే రెండుంబావు అంగుళాలు, 2.8 అంటే రెండున్నర. ఇదంతా ఎవరికి కావాలి? "నా చెయ్యీ నీ చెయ్యీ ఒకటేగా" అంటారు. ఆ చెయ్యికి 2.4 అని చెప్పేది పెళ్ళినాటి జ్ఞాపకం. చేసి పంపాక ఎక్కదు. ఎక్కకపోతే మనవాళ్ళకి తెలిసిన విద్య ఒకటే, సబ్బు రాసుకుని ఎక్కించడం. పట్టుదారం మీద సబ్బునీళ్ళు పడితే ఏమవుతుంది? గమ్ వదిలేసి, పోగులు లేచి, మర్నాటికి నాకో ఫోటో వస్తుంది: "క్వాలిటీ బాలేదమ్మాయ్."

కానుకల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. కానుక ఇచ్చేటప్పుడు మిమ్మల్ని నేనే పిలవను, అది నాకూ మీకూ ఉన్న ఒప్పందం. మేనకోడలి బారసాలకి పసిచేతులకి సరిపడా గాజులు చుట్టి ఇచ్చినప్పుడు నాకు డబ్బు ధ్యాసే లేదు. కానీ ప్రేమగా ఇచ్చిన ఆ జత మా బంధువర్గంలో నా రేటు కార్డు అయి కూర్చుంది. "వాళ్ళకి ఊరికే ఇచ్చావట, మేం పరాయివాళ్ళమా?" అంటారు. ఊరికే ఇవ్వకపోతే బంధుత్వం తరిగిపోతుంది. చూశారా, మీరు రాకపోయినా తరుగు గారు మాత్రం వస్తూనే ఉన్నారు.

డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు సీమంతానికి వచ్చినవాళ్ళందరికీ రిటర్న్ గిఫ్టులుగా గాజుల జతలు కావాలంది. "ఇక్కడ చేత్తో చేసినవి ముట్టుకోలేమే అక్కా, ఒక్కో జతకి డాలర్లు పోయాలి" అని తనే చెప్పింది. అంటే చేతిపనికి విలువ ఉంటుందన్న సంగతి తెలియక కాదు. సముద్రం అవతల ఉంటుందని తెలుసు, ఇవతల ఉంటుందని తెలియదు. మరి నాకెంతిస్తావే అంటే, "ఛ, మనలో మనకి డబ్బేంటే!" అంది. మనలో మనకి డబ్బు ఉండదు, లగేజ్ మాత్రం ఉంటుంది. డాలస్ వెళ్ళే ఎవరి సూట్‌కేసులో ఎన్ని కిలోలు ఖాళీ ఉన్నాయో కనుక్కునే పని కూడా నాదే.

మీరు మొదటినుంచీ ఇలాంటివారు కాదని మా అమ్మమ్మ చెప్పేది. ఆచారిగారు కుంపటీ ఊదుగొట్టమూ పట్టుకుని ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చునేవారట. కళ్ళముందే కరిగించడం, గురిగింజలతో తూచడం, ఆకురాయితో అరగదీస్తే రాలిన పొడిని కూడా జాగ్రత్తగా ఎత్తడం. పని మొదలుపెట్టకముందే మీ సంగతి తేల్చుకునేవాళ్ళట, పని అయ్యాక తాంబూలంతో కలిపి మిమ్మల్ని చేతిలో పెట్టేవాళ్ళట. అంటే మీరు పనిచేసిన చేతిలోకే వెళ్ళేవారు. ఇప్పుడు షోరూములో నేను కట్టే 15 శాతంలో ఆ నగ చేసిన మనిషి దాకా ఎంత నడిచి వెళతారో మీ అంతరాత్మకే తెలియాలి.

నాకున్న అనుమానమల్లా ఒకటే. మీరు పనిని చూసి రారు, పసుపు లోహాన్ని చూసి వస్తారు. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగ తయారయ్యే తీరు చూడండి. మెరుపులో బంగారానికి ఏమాత్రం తీసిపోదు. కానీ అక్కడ మీరు శాతాల్లో కాదు, ముక్కకింత అని చిల్లరగా కనిపిస్తారు. లాడ్ బజార్‌లో నిప్పుల దగ్గర కూర్చుని లక్కని కాచి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కో రాయీ అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు వచ్చింది గానీ, "ఇంకో జత ఊరికే వెయ్యి భయ్యా" అనే మాట ఆగలేదు. నగల షాపులో పెదవి విప్పని మా పెద్దత్తయ్యే చార్మినార్ నీడలో అడుగుపెట్టగానే ప్రపంచంలోకెల్లా గట్టి బేరగత్తె అవుతుంది.

ప్రభుత్వంవారు కూడా ఆ పసుపు లోహం పక్షమే. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ బంగారు నగ మీద అంకెలూ అక్షరాలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండి తీరాలన్నారు. మంచిదే, మోసాలు తగ్గుతాయి. ఫోన్‌లో ఆ కోడ్ కొడితే నగ స్వచ్ఛత తెలుస్తుంది. చుట్టిన చేతి నడుము ఎంతసేపు వంగి ఉందో తెలిపే కోడ్ ఎవరూ కనిపెట్టరు. కనిపెట్టినా మా బంధువులు స్కాన్ చెయ్యరనుకోండి.

ఇవన్నీ ఆలోచించి ఈ శ్రావణమాసం నుంచి నేనో కొత్త పద్ధతి పెట్టాను. "మెటీరియల్ ఖర్చు తీసుకో" అన్నవాళ్ళకి మెటీరియలే ఇచ్చేస్తున్నాను. కవరులో ప్లెయిన్ గాజులు, దారపు రీలు, గమ్ సీసా, కుందన్ రాళ్ళ ప్యాకెట్, బాల్ చెయిన్. బేగంబజార్ హోల్‌సేల్ రేటే, రూపాయి ఎక్కువ వెయ్యను. పైగా మైనం ముక్క ఫ్రీ.

మొదటి కవరు మా ఆడపడుచుకి ఇచ్చాను. "ఇంత తక్కువా! నువ్వు ఇన్నాళ్ళూ బాగానే లాగావు వదినా" అని నవ్వుతూ పట్టుకెళ్ళింది. ఆ రాత్రి ఫోన్. బొటనవేలూ చూపుడువేలూ అతుక్కుపోయాయి, ఎలా ఊడదీయాలి? గోరువెచ్చటి నీళ్ళలో పెట్టమన్నాను. మర్నాడు మళ్ళీ ఫోన్. దారం చిక్కు పడింది, రాళ్ళు మంచం కిందికి పోయాయి, గమ్ సీసా మా అన్నయ్యగారి లుంగీ మీద ఒలికింది. వ్రతం ఎల్లుండి.

"వదినా, చేసిపెట్టడానికి ఎంత తీసుకుంటావు?"

మజూరీ గారూ, మా కుటుంబ చరిత్రలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. మీ పేరు నేరుగా తలవకపోయినా, అడిగింది మీ గురించే. నేను ఒక అంకె చెప్పాను. ఫోన్‌లో కాసేపు ఏమీ వినపడలేదు.

"సరే గానీ వదినా, అందులో వేస్టేజ్ ఏమైనా తగ్గిస్తావా?"

ఇట్లు,
మీ దర్శనం కోరే ఒక గాజుల మనిషి

తా.క. తగ్గించలేదు. తరుగు గారికి కూడా ఈ సంగతి చెప్పగలరు.