బయోడేటా గారికి, తంబూరా వెనక నుంచి

మహారాజశ్రీ కళాకారుల బయోడేటా గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ క్షేమం ప్రత్యేకించి అడగనక్కర్లేదు. ఏటేటా మరో పేరా ఒళ్లు చేస్తూనే ఉన్నారు.

మేము కచేరీల్లో వెనక వరుసలో తంబూరా పట్టుకుని కూర్చునేవాళ్లం. పాటకు ముందు వ్యాఖ్యాత చదివే మిమ్మల్ని మొదటి బిరుదు నుంచి చివరి శాలువా దాకా తప్పించుకోలేకుండా వినేది మేమే. శ్రోతలైతే ఆ టైముకి కాఫీకి లేచి వెళ్లొచ్చు. వేదిక మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు.

ముందు మీ పుట్టుక సంగతి చూద్దాం. వ్యాఖ్యాత చదువుతారు కాబట్టి వ్యాఖ్యాతే రాశారని జనం అనుకుంటారు. కచేరీకి నాలుగు రోజుల ముందు మీరు గాయకుడి ఫోన్లోంచి సభ కార్యదర్శి వాట్సాప్‌లోకి దిగుతారని, 'ఒక్క ముక్క కూడా తగ్గించొద్దు' అన్న మాట మీ వెనకే వస్తుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. రాసింది ఆ గాయకుడే. 'నేను' ఉండాల్సిన ప్రతిచోటా 'వీరు' ఉంటుంది, అంతే తేడా. తన గురించి ఉత్తమ పురుషలో చెప్పుకోడానికి మొహమాటపడి ప్రథమ పురుషలో చెప్పుకుంటారు. మన వ్యాకరణం ఎంత మర్యాదస్తురాలంటే, ఎటు తిప్పినా ఆయన ఉత్తముడో ప్రథముడో అయి తీరతాడు.

మీ తయారీ అందరికీ ఒక్కటే. మూడో ఏట ఉయ్యాల్లో రాగం గుర్తుపట్టడం, ఐదో ఏట అరంగేట్రం. సరళీస్వరాల నుంచి వర్ణాల దాకా పదేళ్లు ఓపిగ్గా దిద్దించిన ఊరి మాస్టారికి అర వాక్యం. చివర్లో ఆర్నెల్లు వెళ్లొచ్చిన పేరున్న విద్వాంసుడికి రెండు పేరాలు, 'ప్రియ శిష్యులు' అన్న మాటతో సహా. ఆకాశవాణిలో టాప్ గ్రేడ్ అయితే గ్రేడు పేరు చెబుతారు, అంతకు కింది బి-హై అయితే 'ఆకాశవాణి కళాకారులు' అని ఊరుకుంటారు. ఆపైన 'దేశవిదేశాల్లో అసంఖ్యాకంగా కచేరీలు'. లెక్కకు అందనప్పుడూ అసంఖ్యాకమే, లెక్క చెబితే బాగుండనప్పుడూ అసంఖ్యాకమే. ముగింపులో 'తమదైన బాణీతో సంగీత చరిత్రలో చిరస్థాయిగా నిలిచిపోయిన' అని వస్తుంది. నిలిచిపోయిన ఆ మనిషి అప్పటికి ఎదురుగానే కూర్చుని ఉంటాడు, శ్రుతిపెట్టె వైపు తల వంచుకుని.

మీరు తినేసే కాలం లెక్క చెబుతాం. రెండు గంటల కచేరీ అంటే 120 నిమిషాలు. అందులో మీకు 12. వయొలిన్, మృదంగం, ఘటం వాళ్ల తరఫున వచ్చే మీ తమ్ముళ్లకు తలా 3 చొప్పున 9. ముఖ్య అతిథికి 10. శాలువాలు, జ్ఞాపికలు, ఫోటో సరిగ్గా రాలేదని మళ్లీ కప్పిన శాలువా కలిపి 8. ఇక్కడికి 39 అయ్యాయి, మిగిలినవి 81. వర్ణానికి 6, వినాయకుడి కృతికి 8, మధ్యలో రెండు కృతులకు 20. ప్రధాన రాగం ఆలాపనకు 12, కృతికి, ఒకే పంక్తిని అప్పటికప్పుడు విస్తరించి పాడే నెరవుకు, అక్కడికక్కడే అల్లే కల్పనస్వరాలకు కలిపి 22, తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనానికి 8. ఇక 5 నిమిషాలున్నాయి, వాటిలో మంగళం పాడాలి. ఈ లెక్కలో వయొలిన్ ఆయన ఆలాపన వంతు ఎక్కడా కనపడదు. తనిలో మృదంగం, ఘటం మార్చి మార్చి వాయించుకోవాల్సిన ఆవర్తనాలు సగానికి సగం పోయాయి. చివర్లో ఒక పదమో జావళో, అలాంటి శృంగార గీతం ఒకటి ఉండాల్సింది, ఆ చోటులో మీరు కూర్చున్నారు.

కాలం పోతే పోయింది, వాద్యాల బాధ వేరు. మృదంగానికి ఎడమవైపు రవ్వలో నీళ్లు కలిపి ముద్దగా పెడతారు. ఆ ముద్ద తడిగా ఉన్నంతసేపే తొప్పి, అంటే ఆ ఎడమ ముఖం, గుమ్మని పలుకుతుంది. మీరు మూడో బిరుదులో ఉండగా ఏసీ గాలికి దాని అంచులు ఎండడం మొదలవుతుంది. బరువు మారితే నాదం మారుతుంది, గుమ్మనాల్సింది డబ్‌మంటుంది. కుడివైపు అంతకుముందే రాయితో తట్టి శ్రుతిలో పెట్టింది కూడా అటు చల్లగాలికి, ఇటు లైట్ల వేడికి బిగువు మారి పక్కకు జరుగుతుంది. 'శ్రుతిశుద్ధికి పెట్టింది పేరు' అని మీరు చదివించుకుంటున్న సమయానికి మా పంచమం తీగ కాస్త దిగి ఉంటుంది. సరిచేద్దామంటే మైకు మీ చేతిలో ఉంది. చెవి దండికి ఆనించి, బిరడా దొంగతనంగా తిప్పుతాం.

తమ గురించి చెప్పుకోవడం పూర్వం లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ 1902లో కలకత్తాలో రికార్డు ఇస్తూ పాట చివర 'మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్' అని తన నోటితో తానే చెప్పింది. అది గొప్ప కోసం కాదు. ఆ రికార్డులు తయారయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. చీటీ అంటించేవాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలి కదా. మూడు నిమిషాలు పట్టే రికార్డులో ఆమె వాడుకున్నది రెండు మూడు సెకన్లు.

త్యాగరాజు కూడా ప్రతి కృతిలోనూ పేరు పెట్టుకున్నాడు. చాలాచోట్ల ఆ పేరు 'త్యాగరాజనుత' అని రాముడికి విశేషణమై కూర్చుంటుంది. ఇక గౌళ రాగంలోని పంచరత్న కృతి 'దుడుకుగల'లో తన తప్పులు ఏకరువు పెడుతూ, 'స్వరలయంబులెరుంగకను శిలాత్ముడై సుభక్తులకు సమానమను' అంటాడు. స్వరం తెలియదు, లయ తెలియదు, అయినా పెద్దవాళ్లతో సమానమని చెప్పుకుంటున్నాను అని అర్థం. ఏటా త్యాగరాజు ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమినాడు దీన్ని బృందంగా పాడతారు. పాడబోయే ముందు వేదిక మీది ప్రముఖుల బయోడేటాలన్నీ వరసగా చదువుతారు. ఆ వెంటనే ఈ చరణం రావడంలోని హాస్యం మీకు అంటదు లెండి, మీరు కాగితం.

పదాలు కట్టిన క్షేత్రయ్య అయితే ఏకంగా లెక్క చెప్పాడు. మధుర రాజు తిరుమల నాయకుడికి రెండు వేల పదాలు, గోల్కొండ ప్రభువుకు పదిహేను వందలు అని పదాల్లోనే పెట్టాడు. మీ వంశంలో మూలపురుషుడు ఎవరైనా ఉంటే ఆయనే. ఇప్పుడు మనకు చిక్కినవి మూడు నాలుగు వందలు. అవీ చెప్పిన లెక్క వల్ల మిగల్లేదు. దేవదాసీల ఇళ్లలో, కూచిపూడి భాగవతుల నోళ్లలో, మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంట్లో త్రిపుట తాళాన్ని విలంబంగా పట్టి ఒకరి గొంతులోంచి ఒకరి గొంతులోకి దింపుకోవడం వల్ల మిగిలాయి.

తాళ్లపాక వారి ముచ్చట ఇంకా చిత్రం. అన్నమయ్య 32,000 సంకీర్తనలు చెప్పాడని రాసింది మనవడు చిన్నన్న, తాత పోయాక. పాటల్ని రాగిరేకుల మీద చెక్కించారు. అంతకంటే గట్టి భద్రత ఏముంటుంది? ప్రతి పాట నెత్తిన రాగం పేరుంది, స్వరం మాత్రం లేదు. తిరుమలలో ఆ రేకులు మళ్లీ వెలుగు చూసినప్పుడు సాహిత్యం చెక్కుచెదరకుండా దొరికింది, పాట దొరకలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి వారు 20వ శతాబ్దంలో కూర్చుని కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ బాణీల్నే అన్నమయ్యవని చెప్పి పాడుతున్నారు, కట్టినవారి పేరు చాలాచోట్ల చెప్పరు. మీలోనేమో 'అన్నమయ్య పదాలకు ప్రాణం పోసిన' అని పాడినవారి పేరు ఉంటుంది.

పాటలో కట్టినవారు పెట్టుకునే పేరు, అదే ముద్ర, ఉంటే చాలునా అంటే అదీ చాలదు. త్యాగరాజు శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య ముద్ర 'వేంకటేశ'. ఆయన శిష్యుడు పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ ముద్రా 'వేంకటేశ'. ఏ కృతి గురువుది, ఏది శిష్యుడిది అని తేల్చడానికి పండితులు జుట్టు పీక్కోవాలి.

అందుచేత కళాకారులు వినయం పేరు చెప్పి నోరు మూసుకోవాలని మేం అనడం లేదు. వాళ్ల మౌనం వల్ల జరిగిన నష్టమూ తక్కువేం కాదు. త్యాగరాజ కృతుల్లో ఒకే పంక్తికి కట్టిన మార్పుల్లో, అంటే సంగతుల్లో, ఏది ఆయన చెప్పింది, ఏది శిష్యుల దగ్గర చేరింది అన్న తగువు ఇవాళ్టికీ తెగలేదు. శిష్యపరంపరల్లో వాలాజాపేట వారిదొక పాఠం, ఉమయాళ్‌పురం వారిదొకటి, తిల్లైస్థానం వారిది మరొకటి. చేర్చినవాళ్లు 'ఇది నేను చేర్చాను' అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. అలా అనడం అహంకారమనుకున్నారు కాబోలు. ఫలితం మనం అనుభవిస్తున్నాం.

సుబ్బరామ దీక్షితులు చేసింది చూడండి. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో, అదీ మన తెలుగు లిపిలో, ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా స్వరపరిచారు. కంపితానికో గుర్తు, జారుకో గుర్తు అంటూ గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరులకు, ప్రత్యేకంగా చిహ్నాలు పెట్టించారు. వాగ్గేయకారుల చరిత్రలు రాస్తూ తన సంగతీ చెప్పుకున్నారు. దాన్ని ఎవరూ గొప్పలు అనలేదు, ఎందుకంటే పక్కనే పుస్తకం నిండా సరుకుంది. బాలమురళీకృష్ణ గారు కొత్త రాగాలు తెచ్చానని బాహాటంగానే చెప్పారు. వీణ బాలచందర్ గారితో పెద్ద వివాదమే నడిచింది. అయినా ఆ వాదన చేయడానికి ఒక వస్తువంటూ ఉంది. ఆయన తెచ్చిన లవంగి రాగంలో షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, ఆ నాలుగే స్వరాలు. 'ఓంకారాకారిణి' కృతి ముందుంది. నాలుగు స్వరాలకు రాగమనే పేరు చెల్లుతుందా అని ఎవరైనా పాడి చూసి పోట్లాడవచ్చు. 'తమదైన బాణీ' అన్న మీ మాటతో పోట్లాడటానికి పట్టు ఎక్కడ దొరుకుతుంది? అందులో ఒక్క స్వరమైనా లేదే.

కనుక మా విన్నపం ఒక్కటే. ఈసారి ప్రయాణమయ్యేటప్పుడు ఇంకో కాగితాన్ని వెంట తీసుకురండి. ఇవాళ్టి ప్రధాన కృతి పాఠం ఎవరిదో, ఏ ఏడు నేర్చుకున్నారో, అనుపల్లవిలో మూడో సంగతి గురువుగారిదా తనదా, నెరవుకు ఎప్పుడూ తీసుకునే చోటు మాని వేరే చోటు ఎందుకు తీసుకున్నారో అందులో ఉండాలి. శ్రుతి ఎంతో కూడా రాయమనండి. ముప్పై ఏళ్ల తర్వాత రికార్డింగు వేగం తేడాగా ఉంటే సరిచూసుకోడానికి అదొక్కటే ఆధారం. ఇవన్నీ చదవడానికి రెండు నిమిషాలు చాలు. గాయకుడే చదవాలి, ఉత్తమ పురుషలో. తప్పు చెబితే ముందు వరుసలో కూర్చున్న ఏ పెద్దాయనో లేచి అడుగుతారు. మీరు ఇన్నాళ్లూ ఆయన్ని కాపాడుతున్నది ఆ ప్రశ్న నుంచే కదా.

ఇట్లు,
తంబూరా మీటేవాళ్లు
(మీ రెండున్నర పేజీల్లో ఎక్కడా పేరు లేనివాళ్లు)

తా.క.: మృదంగం వాయించే ఆయనతో ఈమధ్య ఒక ఒప్పందానికి వచ్చాం. ఇకమీదట రవ్వ ముందుగా కలపరట. మీరు 'చిరస్థాయిగా' అన్న మాట దగ్గరికి రాగానే మేము దగ్గుతాం, అప్పుడు నీళ్లు పోస్తారు.