సంచి మీద పేరు

మా పిన్ని నిజాంపేటలో ఉంటుంది. వారానికోసారి కూకట్‌పల్లి రైతుబజారుకు వెళ్తుంది. వెళ్లేటప్పుడు చేతిలో ఒక సూపర్ మార్కెట్ సంచి తప్పకుండా ఉంటుంది. జూబ్లీహిల్స్‌లో ఎప్పుడో ఒకసారి అడుగుపెట్టిన ఖరీదైన షాపు అది. సంచికి కూడా డబ్బులు తీసుకున్నారట. బెండకాయలు, గోంగూర, పావుకిలో పచ్చిమిర్చి అందులో వేసుకుని, షాపు పేరు బయటికి కనబడేలా పట్టుకుని లిఫ్ట్ ఎక్కుతుంది. ఎందుకు పిన్నీ ఇదంతా అంటే, ‘మా ఫ్లోర్‌లో అందరూ ఫోన్లో తెప్పించుకునేవాళ్లేరా. మామూలు గుడ్డసంచితో దిగితే అదోలా చూస్తారు’ అంది.

నవ్వొచ్చింది గానీ, ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. సరుకులు ఎక్కడ తెస్తారన్నది ఇప్పుడు మన ఊళ్లలో మనిషి స్థాయిని చెప్పే గుర్తు అయిపోయింది. ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఒక సాయంత్రం కూర్చుని వినండి. ‘డీమార్టా? ఆ రష్‌లో మేం నిలబడలేమండీ.’ ‘మాకంత టైమ్ ఎక్కడిది, పది నిమిషాల్లో వచ్చేస్తాయి.’ ‘మేమంతా ఆర్గానిక్కే.’ వీళ్లందరినీ మించినవాడు ఇంకొకడుంటాడు. ఆదివారం తెల్లవారుజామున కారేసుకుని సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు వెళ్లొచ్చి, ఏసీ షాపుల్లో కూరగాయలు కొనేవాళ్లను చూసి జాలిపడతాడు. గొప్ప చెప్పుకోవడంలో ఇతనూ తక్కువేం కాదు, కాకపోతే దిక్కు మారింది. త్రినేత్ర రోజుల నుంచి రత్నదీప్, విజేత మీదుగా జెప్టో, బ్లింకిట్ దాకా మన నగరంలో షాపులు ఎలా మారుతూ వచ్చాయో అందరూ చూసిందే కాబట్టి ఆ కథలోకి వెళ్లను.

నేననేది ఒక్కటే. సరుకును గుర్తుపట్టడం మర్చిపోయాం కాబట్టి షాపును బట్టి సరుకుకు విలువ కడుతున్నాం.

తెనాలిలో మా అమ్మమ్మ బియ్యం కొనేటప్పుడు చూడాలి. గుప్పెడు అరచేతిలో పోసుకుని బొటనవేలితో రుద్దేది, తౌడు ఎంత అంటుకుందో చూసేది. రెండు గింజలు పంటికింద వేసుకుని పటుక్కుమంటే పాతవి, మెత్తగా నలిగితే కొత్తవి అనేది. చింతపండు పీచు లాగి చూసేది. బెల్లం మరీ తెల్లగా మెరిసిపోతుంటే ముట్టుకునేది కాదు, ఏదో మందు కొట్టారనేది. కందిపప్పు నున్నగా, జిడ్డుగా తగిలితే నూనె రాసిన సరుకని పక్కన పెట్టించేది. బెండకాయ కొస విరవడం, వంకాయ తొడిమ దగ్గర నొక్కి చూడటం, కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించడం ఇవన్నీ అప్పట్లో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి వచ్చిన పనులే. ఆవిడకు కొట్టు పేరుతో పనిలేదు. శెట్టిగారు మంచి సరుకు పెడితే శెట్టిగారి దగ్గర, లేదంటే సంతలో. కూరలు కొన్నాక గుప్పెడు కొత్తిమీర కొసరు వేయించుకోకుండా మాత్రం కదిలేది కాదు.

ఆ చేతులు ఇప్పుడు మనకు లేవు. ప్లాస్టిక్ ప్యాకెట్‌లో ఉన్న పప్పును కొరికి చూడలేం, ఫోన్ తెర మీద ఉన్న బెండకాయ కొస విరవలేం. అందుకే పేరు చూస్తాం, లైట్లు చూస్తాం, ధర చూస్తాం. ఎక్కువ ధర పెట్టాం కాబట్టి మంచిదే అయ్యుంటుందని సర్దిచెప్పుకుంటాం. ఎప్పుడైనా తీరిక ఉంటే ఖరీదైన షాపులో కందిపప్పు ప్యాకెట్ వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవండి. ప్యాక్ చేసినవాళ్ల చిరునామా ఉంటుంది. కంది ఎక్కడ పండింది, ఏ మిల్లులో పప్పయింది అన్నది చాలా ప్యాకెట్ల మీద కనబడదు. ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే జీఐ గుర్తింపు 2022లో వచ్చిన తాండూరు కందిపప్పు ఎలా ఉంటుందో, ఎంతసేపట్లో ఉడుకుతుందో చెప్పగలిగేవాళ్లు ఆ షాపులో ఎంతమంది ఉంటారు? కూరగాయల సంగతి కూడా అంతే. కొన్ని పెద్ద కంపెనీలు రైతుల దగ్గరే నేరుగా కొంటాయి, నిజమే. కానీ తోపుడు బండి మీద టమాటా, ఏసీలో చల్లగా కూర్చున్న టమాటా రెండూ బోయిన్‌పల్లి మార్కెట్ నుంచే బయల్దేరిన సందర్భాలు ఎన్నో.

సంచిని బట్టి సరుకు మారిపోతుందని ప్రభుత్వం కూడా ఒకసారి నిరూపించింది. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు. కొన్నాళ్లకే మార్కెట్‌లోకి 26 కిలోల బస్తాలొచ్చాయి. అవే సోనా మసూరి, అదే మిల్లు. కిలో బియ్యం ఎక్కువ పోసి కుట్టేసరికి పన్ను మాయం.

ఇక రేషన్ దుకాణం. ఈ నిచ్చెనలో అన్నిటికంటే కింది మెట్టు అదే. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం ఇచ్చినప్పటి నుంచీ ఆ అన్నంతో ఎన్నో ఇళ్లు గడిచాయి. అయినా ‘కంట్రోలు బియ్యం’ అన్న మాటలో చిన్నచూపు పోలేదు. తిన్నవాళ్లూ తిన్నామని చెప్పుకోరు, ఇడ్లీ పిండికి వాడతాం అంటారు. ఆ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 చేర్చిన గింజలు నూటికి ఒక పాలు కలపడం మొదలుపెడితే, కడిగేటప్పుడు పైకి తేలాయని ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేశారు. అదే ఐరన్ కలిపిన ఉప్పును సూపర్ మార్కెట్‌లో మామూలు ఉప్పు కంటే ఎక్కువ ధర పెట్టి కొనుక్కునేవాళ్లు ఉన్నారు. 2025 ఉగాదికి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం పథకం మొదలయ్యాక ఆ దుకాణాల ముందు మళ్లీ సందడి కనిపించింది. సన్నన్నం అనేసరికి నామోషీ కొంత తగ్గినట్టుంది.

ఇంతకంటే విచిత్రం జొన్నలది. ఒకప్పుడు ఇంటికి చుట్టం వస్తే జొన్నరొట్టెలు, రాగిసంకటి చాటుకు పోయి వరన్నం బయటికొచ్చేది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అంది. కొర్రలు, అండుకొర్రలు గాజు సీసాల్లోకి ఎక్కాయి. తరతరాలుగా వాటిని పండించి తిన్నవాళ్లు ఇప్పుడా షాపుల్లో ధర చూసి వెనక్కి రావాల్సిందే.

సూపర్ మార్కెట్టే మేలనేవాళ్ల వాదనలోనూ బలముంది. కాటాలో మోసం చేసే కొట్లు, పురుగు పట్టిన పప్పు అంటగట్టే కొట్లు మనకు తెలియనివి కావు. రాసి పెట్టిన ధర, చేతికొచ్చే బిల్లు చిన్న విషయాలేం కాదు. పాత కొట్టును తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఇంకొకటి కూడా గుర్తుచేసుకోవాలి. పల్లెలో ఆ కొట్టు ముందు ఎవరు ఎంత దూరంలో నిలబడేవాళ్లు? చిల్లర ఎవరి చేతిలో పెట్టేవాళ్లు, ఎవరి చేతిలో తగలకుండా పైనుంచి వదిలేవాళ్లు? సూపర్ మార్కెట్‌లో ట్రాలీ తోసుకుంటూ వెళ్లేవాడిని ఎవరూ మీరేమిట్లు, ఏ కులం అని అడగరు. ఆ కారణంతో ఎవరైనా అక్కడికే వెళ్తానంటే నేను మారుమాట్లాడను. మోకాళ్ల నొప్పులతో ఫోన్లో తెప్పించుకునే పెద్దావిడనూ ఏమీ అనను. ఎవరి వీలు వాళ్లది. కానీ పక్కింటివాళ్ల సంచి చూసి మూతి విరవడానికి ఇవేవీ సాకులు కావు.

ఈ జబ్బు పప్పులు, కూరగాయల దగ్గర ఆగితే ఇంత రాసే పనే లేదు. పిల్లల్ని బడిలో వేసేటప్పుడు కూడా మనం చేస్తున్నది ఇదే. ఒకప్పుడు ఫలానా లెక్కల మాస్టారు ఉన్నారని పక్కూరి సర్కారు బడికి సైకిల్ మీద పంపేవాళ్లు. ఇప్పుడు బిల్డింగ్ చూస్తాం, బస్సుకు ఏసీ ఉందా అని చూస్తాం, ఫీజు ఎంత ఎక్కువైతే అంత మంచి బడి అనుకుంటాం. లెక్కలు ఎవరు చెబుతారు, ఆ టీచర్ ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారు అని అడ్మిషన్ కౌంటర్ దగ్గర అడిగేవాళ్లు నాకు ఇప్పటిదాకా తగల్లేదు. నేనూ అడగలేదు, ఒప్పుకుంటాను. మా అబ్బాయిని చేర్పించినప్పుడు స్విమ్మింగ్ పూల్ చూపించారు, చూసి డబ్బు కట్టేశాను. ఆ పూల్‌లో నీళ్లు మాత్రం ఏడాదిలో రెండు నెలలే ఉంటాయని తర్వాత తెలిసింది. వైద్యం కూడా అంతే. డాక్టరుకు హస్తవాసి ఉందా లేదా అని నలుగురినీ అడిగి వెళ్లిన జనం, ఇప్పుడు హాల్లో పాలరాయి చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు. బియ్యం గింజ కొరికి చూసే అలవాటు పోయిన ఇంట్లో మాస్టారినీ, డాక్టరునీ కొలిచే అలవాటు ఎక్కడ మిగులుతుంది?

అమెరికాలో మనవాళ్లు కూడా ఇండియన్ స్టోరా, కాస్ట్కోనా అని ఇలాగే లెక్కలేసుకుంటారు. 2023 జులైలో మన దేశం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు మాత్రం ఆ లెక్కలన్నీ ఒక్క రోజులో ఎగిరిపోయాయి. ఏ స్టోర్‌లో సోనా మసూరి బస్తా ఉంటే ఆ స్టోర్ ముందే లైను కట్టారు.

మొన్న పిన్నితో కలిసి నేనూ రైతుబజారుకు వెళ్లాను. బోర్డు మీద ఆ రోజు ధరలు చదువుకుని, నాలుగు గట్లు దాటి ఐదో గట్టు దగ్గర ఆగింది. ఒక్కో బెండకాయ కొస విరుస్తూ, విరగనిదాన్ని పక్కకు తోసేస్తూ కిలో ఏరింది. అమ్మమ్మ చేతులు ఎక్కడికీ పోలేదు, ఈవిడ దగ్గర ఉన్నాయి. అంత పనితనం ఉన్న మనిషి, తూకం కాగానే కాయలన్నీ ఆ సంచిలో పోసి, పేరు ఉన్న వైపు బయటికి తిప్పుకుంది. ఉతికి ఉతికి అక్షరాలు సగం చెరిగిపోయాయి. ‘ఈసారి అటు వెళ్తే ఒకసారి ఆ షాపు దగ్గర ఆపురా, ఏదో ఒకటి కొని కొత్త సంచి తెచ్చుకోవాలి’ అంది.