నలుగురిలో నిలబెట్టి ఒక్కడి తోలు తీస్తే దాని పేరు టీమ్ కోచింగ్ అట!

ఈ సాయంత్రం మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది. తొమ్మిది మందిమి, అందరి బొటనవేళ్లూ పైకి. కింద మా మేనేజరు గారి రాత: "అద్భుతమైన టీమ్ కోచింగ్! వన్ టీమ్, వన్ డ్రీమ్!" వెనక వరసలో ఎడమ చివర, బుగ్గలో సమోసా పెట్టుకుని, బొటనవేలు సగమే ఎత్తినవాడు కనిపిస్తే, అది నేనే.

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దునున్న మా పర్లాకిమిడి బస్టాండు దగ్గర టీ కొట్టు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇంటికెళ్లి రాయొచ్చు. కానీ ఇంటికెళ్తే ముందు అన్నం తినమంటారు, తింటే కోపం తగ్గిపోతుంది. ఇవాళ తగ్గకూడదు.

మాది ఆడవాళ్ల గ్రూపులకి చిన్న చిన్న లోన్లు ఇచ్చే కంపెనీ. పేరు చెప్పను, ఈ నెల జీతం ఇంకా పడలేదు. నాది ఫీల్డు పని, ఊరూరా తిరిగి కిస్తీలు వసూలు చేయడం. ఇవాళ తారీకు 29. నెలాఖరంటే ఏమిటో ఫీల్డులో తిరిగేవాళ్లెవరినైనా అడగండి, ఆ వారం మాకు పెళ్లాం పిల్లలు కూడా ఫోన్ చెయ్యరు. సరిగ్గా ఇవాళే భువనేశ్వర్ నుంచి ఒక కోచ్ గారు దిగారు. పీటల మీదున్న పెళ్లికొడుకుని లేపి ఈత నేర్పుతామన్నట్టుంది వరస.

గోడ మీద ప్రొజెక్టర్ వేశారు. తొమ్మిది పేర్లు. ఏడు పచ్చ, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. ఎరుపు ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ సారు నా వైపు కుర్చీ లాక్కుని, చాలా మెత్తగా, జ్వరం ఉందా నాయనా అన్నట్టు అడిగారు: "రెండు నెలల నుంచీ మీ కలెక్షన్ ఎందుకు పడిపోతోంది? మీ లోపల మిమ్మల్ని ఏది ఆపుతోంది?"

"ఏమీ లేదు సార్" అన్నాను.

"లోతుగా ఆలోచించండి."

ఇరవై అయిదు నిమిషాలు లోతుగా ఆలోచించాను బాబూ. ఎనిమిది మంది ముందు. మా క్యాషియరు ఫ్యాను వైపు చూస్తోంది. మేనేజరు గారు డైరీలో ఏదో రాస్తున్నారు, ఆ డైరీలో ఆయన ఏదైనా రాయడం నేను మొదటిసారి చూశాను. అంతా అయ్యాక ఆ సారు చప్పట్లు కొట్టించి, "చూశారా, ఇదే టీమ్ కోచింగ్" అన్నారు.

అక్కడే నాకు కాలింది. కొట్టినందుకు కాదు, కొట్టినదానికి పెట్టిన పేరుకి.

అసలు నా కలెక్షన్ ఎందుకు పడిందో ఆ గదిలో అందరికీ తెలుసు. కాశీనగర్ పక్క రెండు సెంటర్లు, అంటే గ్రూపుల ఆడవాళ్లు కూడి కిస్తీలు కట్టే చోట్లు, మొండి బకాయిలతో పాడైపోయి ఉన్నాయి. వాటిని చూసేవాడు ఏరియా మార్పు పెట్టుకుని, ఆ రెండూ నా నెత్తిన వేసి, మంచివి తన దగ్గర ఉంచుకున్నాడు. ఇన్సెంటివ్ ఎవరిది వాళ్లకే కాబట్టి అతని పేరు పచ్చ, నా పేరు ఎరుపు. అతనూ ఆ గదిలోనే ఉన్నాడు, నా పక్క కుర్చీలోనే. చెప్పి ఉండొచ్చు కదా అంటారా? మంగళవారం మంగళవారం నేను అతని బండి వెనకే కూర్చుని వెళ్తాను. మా ఊళ్లో పెట్రోలు ధర మీకు తెలుసు.

ఇప్పుడు చెప్పండి, ఇది నా 'లోపలి' సమస్యా? పని పంచుకోవడంలో ఉన్న సమస్య. అంటే టీముది. టీమ్ కోచింగ్ అని పేరు పెట్టుకుని వచ్చినవాడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఈ సెంటర్లు మీలో మీరు ఎలా పంచుకున్నారు? ఎవరు నిర్ణయించారు?" ఆ ప్రశ్న వేసి ఉంటే ఫ్యాను వైపు చూసేవాళ్లు ఇంకో ముగ్గురు పెరిగేవారు.

ఒక్కడికి కోచింగ్ వేరు. దాని లెక్క నాకూ తెలుసు, ఫోన్లో కాలక్షేపానికి నేను చూసేవన్నీ ఇవే. టెన్నిస్ నేర్పే టిమోతీ గాల్వే అనే అమెరికా ఆయన 1974లోనే చెప్పాడు, వల అవతలున్న ఆటగాడి కంటే మన బుర్రలో ఉన్న ఆటగాడే పెద్ద ప్రత్యర్థి అని. ఆ దారినే వచ్చిన జాన్ విట్‌మోర్ 1992లో నాలుగు మెట్ల పద్ధతిని అందరి నోటా పలికించాడు. ఎక్కడికి పోవాలి, ఇప్పుడెక్కడున్నావు, ఏ ఏ దారులున్నాయి, వాటిలో ఏది పట్టుకుంటావు. ఇవన్నీ తలుపేసి, ఇద్దరే కూర్చుని, బయటికి పొక్కదన్న నమ్మకంతో మాట్లాడుకునే మాటలు. "నిన్ను ఏది ఆపుతోంది" అన్న ప్రశ్న అక్కడ మందు. అదే ప్రశ్న ఎనిమిది మంది ముందు వేస్తే పంచాయితీ.

అన్నట్టు, ఈ కోచ్ అన్న మాట ఎక్కడిదో తెలుసా? హంగేరీలో కోచ్ అనే ఊరుంది. అక్కడ చేసే గుర్రబ్బండికి ఆ ఊరి పేరే వచ్చింది. తరవాత ఇంగ్లండు కాలేజీ కుర్రాళ్లు, పరీక్ష గట్టెక్కించే ట్యూషన్ మాస్టారిని వెటకారంగా బండి అని పిలిచి ఆ పేరు ఖాయం చేశారు. మాకు కోచ్ అంటే నౌపడా నుంచి వచ్చే రైలు పెట్టే. 1900లోనే మా ఊరికి చిన్న రైలు వచ్చింది, తెలుసా మీకు? నడుస్తుండగా దిగి పని చూసుకుని మళ్లీ ఎక్కేవాళ్లమని మా తాత కోతలు కోసేవాడు. ఆ కోచ్ మెల్లగానైనా మనుషుల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చింది. ఇవాళ్టి కోచ్ నన్ను ఎక్కించాడు, ఎనిమిది మంది చూస్తుండగా దింపేశాడు, అంతే.

టీము సంగతికొద్దాం. రథయాత్రలో తాడు పట్టుకున్నవాళ్లని ఎప్పుడైనా గమనించారా? నేను చిన్నప్పటి నుంచీ పట్టుకుంటున్నాను కాబట్టి నిజం చెప్తాను. తాడు పట్టుకున్నవాళ్లంతా లాగరు. కొందరు పట్టుకుని నడుస్తారు. కొందరు ఫొటోకి పట్టుకుంటారు. పుణ్యం మాత్రం సమానం. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు దీన్ని నిజంగానే తాడు కట్టి కొలిచి, 1913లో లెక్కలు ప్రచురించాడు. ఒంటరిగా లాగినప్పుడు మనిషి పెట్టే బలంతో పోలిస్తే, ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి వాటా సగానికి కాస్త తక్కువే తేలింది. అందరూ ఒకేసారి లాగకపోవడం ఒక కారణం. పక్కవాడు లాగుతున్నాడులే అన్న ధీమా ఇంకోటి. మరి దీనికి మందు ఏమిటి? తాడు మీదున్న ఒక్కణ్ణి పక్కకి పిలిచి "నీ కండలు చూపించు" అనడమా? కేక ఎవరు వేస్తున్నారు, ఎప్పుడు వేస్తున్నారు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, అది చూడాలి. మనిషికీ మనిషికీ మధ్యనున్న తాడు మీద చేసే పనిని టీమ్ కోచింగ్ అంటారు. ఇంత చిన్న విషయానికి ప్రొజెక్టర్ ఎందుకు?

రిచర్డ్ హ్యాక్‌మాన్, రూత్ వేజ్‌మన్ అని ఇద్దరు ప్రొఫెసర్లు 2005లో టీమ్ కోచింగ్ మీదే ఒక సిద్ధాంతం రాశారు. పనిని, టీముని ముందు సరిగ్గా అమర్చకపోతే ఎంత గొప్ప కోచ్ వచ్చినా ఒరిగేదేమీ లేదన్నారు. మాకు ఇన్సెంటివ్ ఒంటరిది, ఫొటో టీముది! ఇంకో మాట కూడా అన్నారు. మనుషుల మధ్య ప్రేమలు పెంచే ఆటలు కాదు, పని జరిగే తీరు మీద కోచ్ దృష్టి పెట్టాలని. మా సారు మధ్యాహ్నం ఏం చేయించారో తెలుసా? ఊలు ఉండ ఒకటి తెచ్చి, ఒకరి మీద ఒకరం విసురుకుంటూ, అందుకున్నవాడిలో మంచి గుణం ఒకటి చెప్పాలన్నారు. నా రెండు సెంటర్ల మిత్రుడు నా మీదికి ఊలు విసిరి "ఓపిక ఎక్కువ" అన్నాడు. అవును నాయనా, చాలా ఎక్కువ.

పైగా దేనికైనా వేళ ఉండాలన్నారు వాళ్లు. పని మొదట్లో ఉత్సాహం ఎక్కించాలి, మధ్యలో దారి సరిచూడాలి, పని ముగిశాక ఏం నేర్చుకున్నామో మాట్లాడుకోవాలి. 29వ తారీకు మధ్యాహ్నం ఊలు విసరాలని ఎక్కడా రాయలేదు.

ప్రొఫెసర్లు ఎందుకండీ, మా గ్రూపు ఆడవాళ్లకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. పోయిన వారం గుమ్మ దారిలో ఒక ఊళ్లో సెంటర్ మీటింగు. వేపచెట్టు కింద పట్టా, మధ్యలో పాస్‌బుక్కుల కుప్ప, పక్కన ఒక కోడిపెట్ట ఆ పట్టా అంచుని పొడుస్తోంది. ఒకామె కిస్తీ తేలేదు. నేను పేరు పిలిచి, అందరిలోనూ "ఏమ్మా, ఎందుకు తేలేదు?" అన్నాను. గ్రూపు లీడరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "దాని ఇంటి మాట దాంతో నేను మాట్లాడతాను బాబూ. ఈ వారం ఎవరెంత సర్దాలో, అది ఇక్కడ మాట్లాడుకుందుము" అంది. మూడు నిమిషాల్లో తలా కొంత సర్దేశారు. తరవాత ఆమెని బావి దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు మాట్లాడింది, ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు, చెప్పదు కూడా. ఏది నలుగురిలో, ఏది బావి దగ్గర! ఆవిడ సంతకం కూడా చెయ్యలేదు, వేలిముద్ర. మా కోచ్ గారి సంతకం కింద నాలుగు డిగ్రీలున్నాయి. ఆ రోజు నేను చేసిన తప్పే ఇవాళ ఆ సారు నాకు చేశారని ఎవరైనా కామెంట్లో పెడతారేమో, పెట్టకండి, నాకు తెలుసు, అందుకే ఇంకా మండుతోంది.

మా ఆఫీసులో అంతా తిరగబడి ఉంటుంది. నా ఒక్కడి సంగతి అందరిలో. అందరి సంగతి మాత్రం నన్నొక్కణ్ణే క్యాబిన్లోకి పిలిచి, తలుపేసి: "టీములో నువ్వు కలవడం లేదని టాక్ ఉంది." ఎవరి టాక్ సార్? "అది చెప్పకూడదు." టీము నాతో చెప్పాల్సిన మాట టీము లేని గదిలో వినిపిస్తారు.

ఇక్కడే నాకు పాతది ఒకటి గుర్తొచ్చింది. మూడేళ్ల కిందటి అప్రైజల్. నా కాగితం మీద ఇంగ్లీషులో రాసి ఉంది, తెలుగులో చెప్తాను: "కమ్యూనికేషన్ మెరుగుపడాలి."

నాకు! తెలుగు ఇంట్లో, ఒడియా బడిలో, హిందీ సినిమాల్లో, ఇంగ్లీషు ఆఫీసు మెయిళ్లలో, కొండ ఊళ్లలో తిట్లు అర్థమయ్యేంత సవర. ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి ఎవరైనా ఆఫీసుకొస్తే "ఏయ్, ఆ తెలుగాయన్ని పిలవండి." కస్టమర్ ఏడ్చినా, తిట్టినా, కేసు పెడతానన్నా, "తెలుగాయన ఎక్కడ?" దానికి అదనంగా ఒక్క రూపాయి లేదు, ఒక్క థాంక్యూ లేదు. ఆ ఏడాది పైవాళ్లకి, అంటే ఏరియా స్థాయి వాళ్లకి, ఒక్కొక్కరికీ విడిగా కోచ్‌ని పెట్టారు, హోటల్లో, ఏసీ గదిలో. నాక్కూడా అలాంటిది ఒక్క గంట దొరుకుతుందేమోనని అడిగాను. "మీ లెవెల్‌కి టీమ్ కోచింగ్ చాలు" అన్నారు. అదన్నమాట అసలు తేడా. పుస్తకాల్లో ఎన్నైనా రాసుకోండి, మా కంపెనీలో పెద్ద జీతమైతే ఒంటరి కోచింగ్, చిన్న జీతమైతే గుంపు కోచింగ్.

ఈ ఊళ్లో ఆ మాట అంటారా! గిడుగు రామమూర్తి గారు 1880లో పంతులుగా చేరింది ఈ ఊళ్లోనే. సవరల భాష నేర్చుకోడానికి, తెలుగొచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతను మాట్లాడుతుంటే విన్నారు. పంతులు విన్నాడండీ, చెప్పలేదు! ఆ తరవాత సవర పిల్లలకి వాళ్ల మాటల్లోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. 1936లో ఒరిస్సా ఏర్పడి మా ఊరు అటు పోతే, రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన వెళ్లిపోయారు, మేం ఉండిపోయాం. ఒడియా వాళ్లకి తెలుగోళ్లం, ఆంధ్రా వాళ్లకి ఒడిశా వాళ్లం, ఆఫీసుకి ఫ్రీ అనువాదకులం. ఇవాళ పూర్తి రోజులో ఆ సారు నన్ను విన్నది ఎంతసేపో లెక్కపెట్టాను. "ఏమీ లేదు సార్" అన్నంతసేపు.

ఒడియా మిత్రులు ఏమీ అనుకోవద్దు, ఆ క్యాషియరమ్మ ఒడియా ఆమే, సాయంత్రం నా బల్ల మీద ఇంకో సమోసా పెట్టి మాట్లాడకుండా వెళ్లింది. ఇవాళ్టి మొత్తం సెషన్లో నాకు పనికొచ్చింది అదొక్కటే.

ఇది రాస్తుండగానే మేనేజరు గారి మెసేజి వచ్చింది. ఫీడ్‌బ్యాక్ ఫారం అట, ఇంగ్లీషులో ఉంది. "మన వాళ్లు కొందరికి అర్థం కావట్లేదు, తెలుగులోకి మార్చి సోమవారం పొద్దుటికి పంపు. నీకు పది నిమిషాల పని."

తెరిచి చూశాను. మొదటి ప్రశ్న: ఈ టీమ్ కోచింగ్ తరవాత మీ కమ్యూనికేషన్ ఎంత మెరుగుపడింది?