బొమ్మకు ప్రాణం పోసిన ముఖ్య అతిథి

మన వైద్య విద్యార్థులకు అత్యవసర వైద్యంలో సరైన శిక్షణ లేదని గొణిగేవారు ఇక నోరు మూసుకోవాలి. మొన్ననే జిల్లా పేజీలో రంగుల ఫోటో పడింది. ‘అత్యవసర వైద్యంపై వైద్య విద్యార్థులకు ఒక్కరోజు శిక్షణ’ అని శీర్షిక. ఓపిగ్గా వెతికితే ఫోటోలో విద్యార్థులు కూడా దొరుకుతారు. వెనక వరుసలో నాలుగు తలలు, ఒక చెయ్యి. ముందు వరుసంతా వేదిక మీది పెద్దలు. వారి మధ్య, బల్ల మీద, నడుము నుంచి కిందికి ఏమీ లేని ఓ రబ్బరు బొమ్మ. ముఖ్య అతిథిగారు కుడిచేతి మూడు వేళ్లతో దాని పొట్ట నొక్కుతూ కెమెరా వైపు చూస్తున్నారు.

గుండె ఆగిన మనిషికి ఛాతీ మధ్యలో, రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. మెడలో దండ, భుజాన శాలువా జారిపోకుండా చూసుకుంటూ నొక్కడంలో ఉన్న కష్టం ఆ గ్రంథకర్తలకేం తెలుసు? బొమ్మ బతికింది. కనీసం ఫిర్యాదైతే చేయలేదు.

ఇలాంటి శిక్షణ ఎలా సాగుతుందో ఎరగనివారి కోసం కొంచెం వివరిస్తాను. పదింటికి అని కరపత్రంలో వేస్తారు కాబట్టి పన్నెండింటికి మొదలవుతుంది. ప్రార్థన గీతం. జ్యోతి ప్రజ్వలన. ఫ్యాను గాలికి వత్తి కొండెక్కితే ప్రిన్సిపాల్ గారు చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ వెలిగిస్తారు. ఆ రోజు మొత్తం మీద పునరుజ్జీవనం పొందేది ఆ దీపం ఒక్కటే. తర్వాత ఒక్కొక్కరినీ పేరుపేరునా వేదిక మీదికి పిలవడం, పిలిచినవారికి పుష్పగుచ్ఛం, ఇచ్చినవారికి చప్పట్లు. ఆనక ముఖ్య అతిథి ప్రసంగం. ప్రమాదం జరిగిన తొలి గంటను గోల్డెన్ అవర్ అంటారనీ, అందులో ప్రతి నిమిషమూ అమూల్యమనీ వారు గంటన్నరసేపు నొక్కి చెబుతారు. బొమ్మను నొక్కినదానికంటే గట్టిగానే చెబుతారు.

భోజనాలయ్యాక అసలు శిక్షణ. నూటయాభై మంది విద్యార్థులు, ఒక బొమ్మ. ముప్ఫై నొక్కుళ్లకు రెండు ఊపిరులు చొప్పున అందరూ చేయాలంటే చీకటి పడుతుంది, బస్సులు దొరకవు. అందుకని తరగతి ప్రతినిధి అందరి తరఫునా నొక్కుతాడు. ప్రజాస్వామ్యం అంటే ఇదే కదా. సర్టిఫికెట్లు ముందురోజే అచ్చయి ఉంటాయి కాబట్టి ఎవరూ తప్పే అవకాశం లేదు. వందన సమర్పణ ముగిశాక అటెండరు బొమ్మకు ప్లాస్టిక్ కవరు తొడిగి, పిల్లలు సాధన చేయవలసిన స్కిల్ ల్యాబ్‌లో పెట్టి తాళం వేస్తాడు. ఆ తాళంచెవి స్టోర్ కీపరు దగ్గర ఉంటుంది. స్టోర్ కీపరు సెలవులో ఉంటాడు.

మళ్లీ ఆ బొమ్మకు వెలుగు కనిపించేది తనిఖీ బృందం వస్తుందన్న కబురు అందిన రోజునే. స్కిల్ ల్యాబ్ ఉండాలన్నది నిబంధన, అందులో పిల్లలు ఉండాలన్న విషయం ఎవరూ పట్టించుకోరు. అయినా బొమ్మను తక్కువ చేయకూడదు. బోధకులు ముఖం చూపించి హాజరు వేయించుకోవాలని రూలు వచ్చిన ఈ కాలంలో, ఏడాది పొడవునా కాలేజీ దాటి అడుగు బయటపెట్టనిది దాని ముఖమే.

ఇక చరిత్ర. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. అత్యవసర వైద్యం కూడా ఒక ప్రత్యేక శాఖేనని భారత వైద్య మండలి గుర్తించింది 2009లో. అంటే రోగిని తెచ్చే బండి ముందు వచ్చింది, తెచ్చాక చూడవలసిన వైద్యుడు ఒకడుండాలన్న ఆలోచన నాలుగేళ్ల తర్వాత వచ్చింది. పోనీ, వచ్చింది. 2020లో, ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ ప్రతి వైద్య కళాశాలలో ఎమర్జెన్సీ మెడిసిన్ విభాగం తప్పనిసరి అంది. సంతోషించాం. 2023లో అదే కమిషన్ కనీస ప్రమాణాలను తిరగరాస్తూ తప్పనిసరి విభాగాల జాబితాలోంచి దాన్ని ఎత్తేసింది. ఆ మూడేళ్లలో దేశంలో ప్రమాదాలు మానేశాయా, పాములు కరవడం మానేశాయా, గుండెలు అపాయింట్‌మెంట్ తీసుకుని ఆగుతున్నాయా అన్నది మాత్రం గెజెట్‌లో కనిపించదు.

నిపుణులు చాలినంతమంది లేరని ఒక సమాధానం చెబుతారు. నిజమే. విభాగం ఉంటే పీజీ సీట్లు వస్తాయి, సీట్లుంటే నిపుణులు తయారవుతారు, నిపుణులుంటే విభాగం నడుస్తుంది. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు. ముహూర్తం పెట్టవలసినవారే పందిరి పీకేశారు.

విద్యార్థి వైపునుంచి చూస్తే ఈ ఏర్పాటు ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం, కాలేజీలో చేరిన తొలి నెలలోనే, గుండె ఏ పక్కన ఉంటుందో శవాన్ని కోసి చూడకముందే, ప్రాథమిక ప్రాణరక్షణ నేర్పేస్తారు. సాధన లేకపోతే ఆ విద్య కొన్ని నెలల్లోనే చేతుల్లోంచి జారిపోతుంది. అది అవసరపడే హౌస్ సర్జన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే ఏడాది, వచ్చేది నాలుగున్నరేళ్ల తర్వాత. ఆ హౌస్ సర్జన్సీలోనూ, 2021 నిబంధనల ప్రకారం, సామాజిక వైద్యానికి 12 వారాలు, అత్యవసర రోగులు వచ్చే క్యాజువాలిటీకి 2 వారాలు.

రెండు వారాలు చాలవా అంటారేమో. దేనికి? రక్తం తీసి, ఆ సీసాను తానే పరుగున ల్యాబ్‌కు మోసుకెళ్లడానికి చాలు. వార్డు బాయ్ లేడు కాబట్టి సీటీ గదిదాకా స్ట్రెచర్ తోయడానికి చాలు. పోలీసు కేసయ్యే రోగుల వివరాలు రాసే ఎం.ఎల్.సి. రిజిస్టరులో గాయాల పొడవు, వెడల్పు రాయడానికి చాలు. ముందు ప్రాణం చూడండి, పోలీసు లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆ తీర్పును ఫోరెన్సిక్ మెడిసిన్ పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని, క్యాజువాలిటీలో మరిచిపోవాలి. మిగిలిన కాస్త సమయంలో మూలన కూర్చుని ట్యాబ్‌లో నీట్ పీజీ, అంటే పీజీ సీటు కోసం రాసే పరీక్ష, ప్రశ్నలు చదువుకోవాలి. పిల్లల్ని నేను తప్పుపట్టను. ఆ 200 ప్రశ్నల మీదే వాళ్ల బతుకు వేలాడుతోంది. కాకపోతే ఆ పరీక్షలో ప్రతి ప్రశ్న కిందా నాలుగు జవాబులు ఉంటాయి. స్ట్రెచర్ మీద వచ్చినవాడు ఏ జవాబూ ఇవ్వడు.

ఉదాహరణకు, వానాకాలంలో ఒక కూలీ. నేలమీద చాప వేసుకుని పడుకున్నవాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తాడు. ఒంటిమీద గాటు కనిపించదు, వాపు లేదు, ఏదో కరిచిందని అతనికే తెలియదు. గ్యాస్ ఇంజెక్షన్ చేసి పక్కన కూర్చోబెడతారు. కాసేపటికి రెప్పలు వాలిపోతున్నాయంటాడు. రాత్రి నిద్రలేదు కదా, అంటారు. మాట ముద్దవుతుంది. ఉమ్మి మింగలేక తువ్వాలుతో తుడుచుకుంటూ ఉంటాడు. కట్లపాము అది. పుస్తకంలో ఉన్నదే, డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ పిల్లవాడు చదివిందే, పరీక్షలో రాసిందే. కాని ఆ రెప్పల్ని పక్కన నిలబడి ఒకసారైనా చూపించినవారు లేరు. గుర్తుపడితే విషానికి విరుగుడు ఎక్కించి, ఊపిరి ఆగకముందే గొట్టం వేసి, వెంటిలేటర్ దొరికేదాకా ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే తిత్తిని, అంబు బ్యాగ్‌ను, చేత్తో నొక్కుతూ కూర్చోవచ్చు. ఆ చచ్చుబడటం తాత్కాలికం. కొద్దిరోజుల్లో కండరాలు వాటంతట అవే తేరుకుంటాయి. అంతవరకూ అతని బదులు మనం ఊపిరి పోస్తే చాలు, మనిషి లేచి నడిచి ఇంటికి వెళతాడు.

పురుగుమందు తాగినవారి సంగతీ అంతే. దానికి విరుగుడు మందు అట్రోపిన్ ఎంత ఇవ్వాలి? రొమ్ములో గరగర తగ్గేదాకా, ఐదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ ఇవ్వాలి. కంటిపాప విచ్చుకుందని మధ్యలో ఆపేస్తే లోపల నీళ్లు నిండే ఉంటాయి. ఆ గరగర ఎక్కడ ఆగిందో స్టెతస్కోపు పెట్టి వినడం రబ్బరు బొమ్మ మీద రాదు. అర్ధరాత్రి, నురగ కక్కుతున్న మనిషి పక్కన, తెలిసినవాడొకడు ‘ఇదిగో, ఇప్పుడు విను’ అంటే వస్తుంది.

ఆ తెలిసినవాడు ఎక్కడ? ఇంటిదగ్గర ఉంటాడు, ఫోనులో. ఇక్కడ నాకు వెటకారం నోట రావడం లేదు. మొత్తం ఆసుపత్రిలో చావుకు అతి దగ్గరగా ఉన్న మనిషిని, రాత్రి రెండు గంటలకు, ఆ ఆసుపత్రిలో అందరికంటే తక్కువ తెలిసిన పిల్ల చేతుల్లో పెడుతున్నాం. తెలిసిన పెద్దలు పొద్దున తొమ్మిదింటికి తీరిగ్గా వచ్చి ఆరు నెలల నాటి వరిబీజాన్ని పరీక్షిస్తారు. దీన్ని పొరపాటు అనడం అబద్ధం. ఇది ఏర్పాటు. ఏళ్లతరబడి, తెలిసి తెలిసి, కళ్లు తెరుచుకుని నడుపుతున్న ఏర్పాటు. రోగి పోయాక బంధువుల చెంపదెబ్బ తినేది ఇరవైమూడేళ్ల ఆ అమ్మాయే. మర్నాడు సహచరులు సమ్మె చేస్తారు. కమిటీ వేస్తారు. రాత్రిపూట పక్కన ఒక సీనియర్ కావాలని వాళ్లు అడిగితే, గుమ్మం దగ్గర ఒక గార్డును పెడతారు. ఆ గార్డుకు జీతం అందదు, నాలుగో నెలలో మానేస్తాడు.

అదే నగరంలోని కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లి చూడండి. గాజు తలుపుల మీద ఎర్రక్షరాల బోర్డు, లోపల వరసగా మానిటర్లు, ఇరవైనాలుగు గంటలూ ఎమర్జెన్సీ మెడిసిన్ చదివిన డాక్టరు. ఆ విభాగం తప్పనిసరి కాదన్న కబురు వాళ్లకు ఇంకా అందినట్టు లేదు. జాబితాలోంచి ఆ పేరు కొట్టేసిన పెద్దమనిషికి ఏ అర్ధరాత్రో ఛాతీలో పట్టేసినట్టయితే, డ్రైవరుకు ఏ గుమ్మం పేరు చెబుతారో నాకు తెలుసు. చాపమీద పడుకున్న ఆ కూలీని ఎక్కించుకున్న 108 ఏ గుమ్మం ముందు ఆగుతుందో ఆయనకూ తెలుసు. తెలిసే కొట్టేశారు.