మనాలిలో పదకొండు మంది

విదేశాలకు పోవాలంటే రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్. దాని మాక్ టెస్టు ఈ పొద్దున తొమ్మిదికి. తిరుపతి బాలాజీ కాలనీలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఫీజు మాత్రం ముందే కట్టేశాం. స్పీకింగులో, అంటే మాట్లాడే పరీక్షలో, ప్రశ్నలు అడగడానికి బయటినుంచి ఒక మేడమ్‌ను పిలిపించారు. పేరు చెప్పాం, ఊరు చెప్పాం, ఏడుకొండల గురించి నాలుగు ముక్కలు అప్పజెప్పాం. అసలు భాగోతం రెండో పార్టులో మొదలైంది.

అందులో ఒక కార్డు, ఒక కాగితం, ఒక పెన్సిలు చేతికిస్తారు. ఆలోచించుకోవడానికి ఒకే ఒక్క నిమిషం. ఆ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు మనమే మాట్లాడాలి. మధ్యలో ఎవరూ అడ్డం రారు, ఆదుకోనూ ఆదుకోరు. కార్డులో ఉన్నదేమో, దేనికోసమైనా చాలాసేపు ఎదురుచూసిన సందర్భం చెప్పమని. ఎక్కడ, ఎందుకు, ఎంతసేపు, ఎలా అనిపించింది.

ఒక్కో ప్రశ్నకు ఒకటో రెండో మాటలు గిలుక్కుంటే ఆ నిమిషం ధారాళంగా సరిపోతుంది. మనం ఏకంగా వాక్యమే మొదలెట్టాం. 'ఇట్ వాజ్ యాన్ అన్‌ఫర్గెటబుల్' దగ్గర పెన్సిలు ఆగింది. అందులో టీ ఒకటా, రెండా? ఒకటి పెడితే బోసిగా ఉంది. రెండు పెడితే పెళ్ళికి పిలవని చుట్టం వచ్చి కూర్చున్నట్టుంది. కొట్టేస్తే కాగితం పాడవుతుంది. "మేడమ్, రబ్బర్ ప్లీజ్" అన్నాం. ఆ పొద్దుటికి కంఠస్థం కాకుండా మన నోటివెంట వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. పాపం ఆమె సంచి దులిపింది. తాళంచెవులు, అమృతాంజనం సీసా, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ దాటాక అడుగున రబ్బరు దొరికింది. 25 సెకన్లు గోవిందా! ఇంతకీ ఆ కాగితానికి మార్కుల్లేవు. ఎవరూ దిద్దరు, చివర్లో లాగేసుకుంటారు. స్పెల్లింగు చూసేది రైటింగులాంటి రాసే భాగాల్లో. అయినా శ్రద్ధగా చెరిపి, ఊది, ఒక టీ ఉంచాం. రెండట.

ఇక మాట్లాడాలి. కోచింగ్ సారు 40 కార్డులకు రెడీమేడ్ జవాబులిచ్చి ఉన్నారు. లడ్డూకి దిట్టం, అంటే ఏది ఎంత వెయ్యాలనే లెక్క, ఉన్నట్టే ఆయన జవాబుకీ ఒక దిట్టం ఉంది. రెండు మోరోవర్లు, ఒక నెవర్దిలెస్, పైన జీడిపప్పులా ఒక ఇంగ్లీషు సామెత. ఎదురుచూపుల కార్డుకి ఆయన రాసింది మనాలిలో మంచు కురిసి బస్సు ఆగిపోయిన కథ. మనాలి ఏ దిక్కునుందో మనకు తెలీదు. అప్పజెప్పేటప్పుడు నోరు పరిగెత్తుతుంది కాబట్టి రెండు నిమిషాల కథ 38 సెకన్లకే ఒడిసింది. మేడమ్ "ఇంకేమైనా చెప్తారా?" అంది. "నో, థాంక్యూ మేడమ్" అన్నాం. అన్నామా, విస్తరికి అడ్డం పెట్టినట్టు చెయ్యి కూడా అడ్డం పెట్టాం.

ఆమె పెన్ను కింద పెట్టింది. "పొద్దుట్నుంచి మనాలిలో ఇరుక్కున్నవాళ్ళలో మీరు పదకొండోవారు. అందరిదీ ఒకటే బస్సా?"

కొండ కింద పుట్టి పెరిగినవాళ్ళం. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో సర్వదర్శనానికి కూర్చున్న గంటలకు లెక్కే లేదు. పైగా ఆ కథకు ఇంగ్లీషు వెతుక్కోనక్కర్లేదు. క్యూ, కాంప్లెక్స్, కంపార్ట్‌మెంట్, గేటు, టోకెన్, కౌంటర్, లగేజీ, అన్నీ మన అవ్వ కూడా అనే మాటలే. గేటు తియ్యగానే లేచే జనం, తప్పిపోయిన పిల్లోడు, నిద్రపోతున్న తాత, వీటికి రెండు నిమిషాలు ఏ మూలకు? కళ్ళారా చూసింది చెప్తే తడుముకున్నా ధార తెగదు. ధారకు, పదాలకు, వ్యాకరణానికి, ఉచ్చారణకు సమానంగా వేస్తారు మార్కులు. బట్టీ పట్టింది గొంతులోనే తెలిసిపోతుంది. ఇదంతా మెట్లు దిగేటప్పుడు తట్టింది.

రైటింగు గురించి ఎక్కువ అడక్కండి. గంటలో రెండు రాయాలి. మొదటిది గ్రాఫు వివరణ, కనీసం 150 మాటలు, 20 నిమిషాలు. రెండోది వ్యాసం, కనీసం 250 మాటలు, 40 నిమిషాలు, మార్కుల్లో బరువు రెట్టింపు. మనం గ్రాఫులో ప్రతి గీతనూ పలకరిస్తూ 35 నిమిషాలు కూర్చున్నాం. మొత్తమ్మీద ఏది పెరిగింది, ఏది తగ్గింది అనే ఒక్క వాక్యం మాత్రం రాయలేదు. దిద్దేవాళ్ళు వెతికేది దాన్ని. వ్యాసం 'ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్' అని మొదలైంది. సారు టెంప్లేటు మాటలే 90 దాకా ఉన్నాయి, అన్నీ కలిపినా 231.

తొమ్మిదికి వచ్చింది 5.5. కావలసింది 6.5. సారు దగ్గరికి పోతే, "ఏం కాదులేప్పా, ఆ మనాలి పాతదైపోయింది, మార్చేస్తా" అన్నారు.

మార్చేశారు కూడా. సాయంత్రం వాట్సాప్‌లో కొత్త పీడీఎఫ్ వచ్చింది. వైకుంఠం కాంప్లెక్స్, పద్నాలుగో కంపార్ట్‌మెంట్, ఆరు గంటలు, పక్కన ఏడుస్తున్న పసిబిడ్డ, రెండు మోరోవర్లు. రేపటికి బైహార్ట్ చేసుకొని రావాలట. మన బ్యాచ్‌లో 24 మందిమి. ఒక కంపార్ట్‌మెంట్‌లో ఎట్లాగూ పడతాంలే.