‘ఎవరూ వాడని ఓఎస్’ అన్న ఫార్వర్డ్ మెసేజ్‌కు నా జవాబు

గుంటూరు, విజయవాడ ఇంజనీరింగ్ కాలేజీల పేరెంట్స్ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: “కొందరు లెక్చరర్లు ఫ్రీబీఎస్‌డీ అనే, ఎవరూ వాడని ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిల్లల మీద రుద్దుతున్నారు. దాంతో ఉద్యోగాలు రావు. లైనెక్స్ ఉండగా ఇది దండగ. సోర్స్ కోడ్ ఊరందరికీ కనిపించేదానికి సెక్యూరిటీ ఉండదు. మన ల్యాప్‌టాప్‌లలో నడవదు కూడా.” ఆ కొందరిలో నేనూ ఒకణ్ణి. రెండేళ్లుగా శనివారం మధ్యాహ్నాలు సెకండియర్ పిల్లలతో దాన్ని ఇన్‌స్టాల్ చేయిస్తున్నాను. కాబట్టి జవాబు చెప్పాల్సిన బాధ్యత నాది.

“ఎవరూ వాడనిది” అన్నారు. ఈ మెసేజ్‌ను మోసుకొచ్చిన వాట్సాప్ ఎదిగిందే ఫ్రీబీఎస్‌డీ సర్వర్ల మీద. ఒక్క సర్వర్ మీద 20 లక్షలకు పైగా కనెక్షన్లు నిలబెట్టామని 2012లో ఆ కంపెనీయే చెప్పుకుంది. ఫేస్‌బుక్ కొన్న తర్వాత మెల్లగా లైనెక్స్ (ఇలాంటిదే మరో ఓపెన్ సోర్స్ ఓఎస్) వైపు మారింది, ఆ మాటా దాచకూడదు. నెట్‌ఫ్లిక్స్‌లో మనం సినిమా చూస్తుంటే ఆ వీడియో పంపే సర్వర్లలో నడిచేది ఇదే. ప్లేస్టేషన్ 4 లోపలి సిస్టమ్ దీన్నుంచి తయారైందే. జూనిపర్ కంపెనీ రౌటర్లను నడిపే జూనోస్ అనే సిస్టమ్‌కు పునాది ఇదే. విజయవాడ బీసెంట్ రోడ్డు షాపుల్లో కొనే కంప్యూటర్లలో ఇది కనిపించదన్నది నిజమే. సర్వర్ గదుల్లో ఉండేది మనకు ఎదురుపడదు.

“ఉద్యోగాలు రావు.” ఈ మాట వెనక ఉన్న భయం నాకు తెలుసు. పొలం మీద అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రి అడగాల్సిన ప్రశ్నే ఇది. క్యాంపస్ డ్రైవ్‌లకు వచ్చే పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రీబీఎస్‌డీ అడగవు. ఆప్టిట్యూడ్ పెడతాయి, జావా, పైథాన్ అడుగుతాయి. అందుకే సీఆర్‌టీ (క్యాంపస్ ఉద్యోగాలకు తయారుచేసే ట్రైనింగ్) క్లాసు ఎగ్గొట్టి నా దగ్గరికి రమ్మని ఏ పిల్లాడికీ చెప్పలేదు. కానీ టెక్నికల్ రౌండ్‌లో “ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రాంకు నకలు పుట్టించే కాల్) పిలిస్తే ఏం జరుగుతుంది?” అన్నప్పుడు సీనియర్ రికార్డు చూసి ఎక్కించుకున్న జవాబు రెండో ప్రశ్నకే కూలిపోతుంది. అది నేను ఏటా చూస్తున్నాను. నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో, రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి సాకెట్, బైండ్, లిజన్, యాక్సెప్ట్ అని వరసగా రాసే ప్రోగ్రాం ఉంది కదా. ఆ కాల్స్ ప్రపంచానికి అందింది 1983లో, కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్ విడుదల చేసిన 4.2 బీఎస్‌డీలో. ఫ్రీబీఎస్‌డీ ఆ ఇంటి బిడ్డ. ఇప్పుడు ప్రతి రెజ్యూమెలోనూ డాకర్ (ప్రోగ్రాంలను విడివిడి పెట్టెల్లో ఉంచి నడిపే సాఫ్ట్‌వేర్) అని రాస్తున్నారు. డాకర్ వచ్చింది 2013లో. ఒక ప్రోగ్రాంను దాని గదిలో దాన్ని ఉంచి తలుపు వేసే పద్ధతి ఫ్రీబీఎస్‌డీలో జైల్ అనే పేరుతో 2000లోనే ఉంది. ఒక జైల్‌ను తన చేతులతో కట్టినవాడికి డాకర్ గురించి అడిగితే తడబాటు ఉండదు. పైగా కొత్తవాళ్లతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఫ్రీబీఎస్‌డీ 2005 నుంచి పాల్గొంటోంది. అందులో ఎంపికైతే చేసిన పనికి డబ్బులిస్తారు, రాసిన కోడ్ రాసినవాళ్ల పేరుతో సహా నిలిచిపోతుంది.

ఇక “లైనెక్స్ ఉండగా ఇదెందుకు?” మిగతా అన్నిటికన్నా నాకు ముఖ్యమైన ప్రశ్న ఇది. నేను లైనెక్స్ వాడతాను, పాఠమూ చెబుతాను. దాని మీద నాకు పేచీ లేదు. లైనెక్స్ అంటే కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే ఓఎస్ గుండెకాయ. దాని చుట్టూ ఉండే కమాండ్లు, లైబ్రరీలు వేరే వేరే చోట్ల తయారవుతాయి, వాటిని ఉబుంటులాంటి డిస్ట్రోలు (లైనెక్స్ ప్యాకేజీలు) ఒకచోట కూరుస్తాయి. ఫ్రీబీఎస్‌డీలో కెర్నల్, రోజూ కొట్టే కమాండ్లు, వాటి మాన్యువల్ పేజీలు అన్నీ ఒకే సోర్స్ డైరెక్టరీ కింద ఉంటాయి. నేర్చుకునే పిల్లలకు దీనివల్ల ఏం ఒరుగుతుందో ఒక మధ్యాహ్నం కళ్లారా చూశాను.

తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చే ఒకమ్మాయి అడిగింది: “సార్, ఎకో కూడా ఎవరో రాసిన ప్రోగ్రామేనా?” మనం ఇచ్చిన మాటను తిరిగి తెర మీద చూపే చిన్న కమాండ్ ఎకో. రాయకుండా ఎలా వస్తుందమ్మా, పద చూద్దాం అన్నాను. సోర్స్ డైరెక్టరీలోకి వెళ్లి, బిన్, దాంట్లో ఎకో, ఆ ఫైలు తెరిచాం. పైన కాలిఫోర్నియా యూనివర్సిటీ కాపీరైట్, 1989, 1993 అని. కింద మామూలు సీ భాష, ఫస్టియర్‌లో తను చదివిందే. కమాండ్‌కు ఇచ్చిన మాటలను అందుకునే ఆర్గ్‌సీ, ఆర్గ్‌వీ కనిపించగానే “ఇది నాకు వచ్చు సార్” అంది. మెయిన్‌లో ఒక లైను చేర్చి, కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే మేక్ కమాండ్ కొట్టి, తయారైన ఎకోను నడిపింది. ముందు తన పేరు, తర్వాత మాట. పక్క సిస్టమ్ దగ్గరి పిల్లలు లేచొచ్చారు. తను వెంటనే అడిగిన ప్రశ్న నాకు జీతం కన్నా ఎక్కువ: “మరి కెర్నల్ ఎక్కడుంది సార్?” అదే సోర్స్ డైరెక్టరీలో, సిస్ అనే ఫోల్డర్‌లో. ఆ రోజు ఆరింటికి వాచ్‌మన్ వచ్చి తాళం వేసుకోవాలంటే గానీ ఎవరూ లేవలేదు.

“కోడ్ కనిపించేదానికి సెక్యూరిటీ ఉండదు.” 2024 మార్చిలో జరిగింది చూడండి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎవరో నమ్మకం సంపాదించి దొంగదారి చేర్చారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయి దాన్ని బయటపెట్టాడు. సోర్స్ చేతిలో ఉంది కాబట్టే తవ్వగలిగాడు. ఓపెన్ సోర్స్‌లో లోపాలు ఉండవని నేను అనను, 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లోపం చాలామందికి గుర్తే. కానీ కోడ్ దాచిపెడితే లోపం పోదు. సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ కావడానికి ప్రపంచమంతా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, ఈ బీఎస్‌డీ కుటుంబంలోని ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 1999లో ఇచ్చింది. దాని కోడ్ కూడా బాహాటంగానే ఉంది.

“ల్యాప్‌టాప్‌లో నడవదు.” సగం నిజం. కొన్ని వైఫై చిప్‌లకు డ్రైవర్లు ఆలస్యంగా వస్తాయి, కొన్నిటికి రానే రావు. అందుకే పిల్లల ల్యాప్‌టాప్‌లో విండోస్ జోలికి వెళ్లం. విండోస్ లోపలే మరో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్‌బాక్స్‌లో రెండు జీబీ ర్యామ్ ఇచ్చి నడిపిస్తాం. నచ్చకపోతే డిలీట్ చేస్తే సరి.

“రుద్దుతున్నారు” అన్న మాట దగ్గర మాత్రం నొచ్చుకున్నాను. ఈ క్లాసుకు మార్కుల్లేవు, అటెండెన్స్ లేదు, ఫీజు లేదు. రాని వాళ్లను ఎందుకు రాలేదని అడగను. ఆ మెసేజ్ పంపిన పెద్దలు ఒక శనివారం మీ అబ్బాయితోనో అమ్మాయితోనో కలిసి వచ్చి పక్కన కూర్చోండి. రెండింటికి మొదలుపెడతాం. మొదటి అరగంట ఇన్‌స్టాలేషన్, తర్వాత ఎకో.